అక్కయ్య ఫోను మార్చాలా?

సెప్టెంబరు వస్తే కొత్త ఐఫోను. ఏడాది మొదట్లో శాంసంగ్ గెలాక్సీ ఎస్ వరస. మధ్య నెలలన్నీ షావోమీ, వివో, ఒప్పో, వన్‌ప్లస్‌లవి. కొత్త ఫోను వార్త లేని వారమంటూ ఉండదు. ఆ వార్తలన్నీ ఫోను పుట్టుక గురించే. కొన్నాక అది ఎన్నేళ్ళు నడుస్తుంది, పాడైతే బాగుపడుతుందా, కంపెనీ దాన్ని ఎప్పుడు వదిలేస్తుంది అన్న సంగతులు ఏ మూలో ఒక వాక్యంగా ఉంటాయి, లేదా ఉండనే ఉండవు. కొనేవాళ్ళ డబ్బు ముడిపడి ఉన్నది మాత్రం అక్కడే. అందుకే ఈ సంవాదం రాశాను.

మాట్లాడేది మేనమామ, మేనల్లుడు. మామది గుంటూరు బ్రాడీపేటలో సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు. కీప్యాడ్ ఫోన్ల కాలం నుంచీ బోర్డు పని చేస్తున్న చెయ్యి. అల్లుడు అదే ఊళ్ళో పెద్ద మొబైల్ షోరూములో అమ్మకాల కౌంటరు చూస్తాడు. ఇద్దరూ నా కల్పనే. వాళ్ళు చెప్పే తేదీలు, లెక్కలు మాత్రం లోకంలోవి. తగువల్లా అల్లుడి తల్లి ఫోను గురించి. ఆవిడ మామకు అక్కయ్య. ఫోను కొని నాలుగేళ్ళు దాటింది, మధ్యాహ్నానికే ఛార్జింగు అయిపోతోంది.

అల్లుడు: మామయ్యా, అమ్మ ఫోను విప్పకు. ఎక్స్ఛేంజిలో పెడితే ఇప్పుడు ఎంతో కొంత వస్తుంది. నువ్వు బ్యాక్ ప్యానెల్ ఊడదీస్తే అది కూడా రాదు.

మామ: దీనికేం రోగం వచ్చిందని మార్చడం? డిస్‌ప్లే బాగుంది, ఛార్జింగ్ పిన్ బాగుంది, బోర్డు బాగుంది. అరిగిపోయింది బ్యాటరీ ఒక్కటే. అది అరిగేదే. లిథియం అయాన్ బ్యాటరీ ఎవరు చేసినా ఇంతే. ఛార్జి ఎక్కినప్పుడల్లా లోపల కాస్త లిథియం పక్క చర్యల్లో ఇరుక్కుపోయి మళ్ళీ పనికిరాకుండా పోతుంది. దానికి వేడి తోడైతే అరుగుదల ఇంకా జోరు. వాతావరణం 35 డిగ్రీలు దాటినచోట వాడితే బ్యాటరీ శక్తి శాశ్వతంగా తగ్గొచ్చని యాపిల్ తన సూచనల్లోనే రాసింది. మన గుంటూరులో ఏప్రిల్, మే నెలల్లో 35 అంటే చల్లబడ్డట్టు లెక్క. అక్కయ్య ఫోను వంటింటి గట్టు మీద ఉంటుంది. నాలుగేళ్ళు నిలవడమే గొప్ప.

అల్లుడు: మరి అదే కదా నేననేది. దాని ఆయుష్షు తీరింది.

మామ: తీరింది బ్యాటరీది, ఫోనుది కాదు. మీ కౌంటర్లలో ఈ రెండూ ఒకటే అన్నట్టు చెప్తారు. ఐఫోన్ 14 దాకా యాపిల్ చెప్పిన లెక్క 500 సైకిళ్ళు. సైకిల్ అంటే పిన్ను గుచ్చిన ప్రతిసారీ కాదు, మొత్తం కలిపి నూరు శాతం వాడితే ఒకటి. 500 సైకిళ్ళకి శక్తి 80 శాతానికి దిగుతుందన్నారు. ఐఫోన్ 15 నుంచి ఆ లెక్కే 1,000 అన్నారు. అంటే తల్చుకుంటే పెంచగలిగిందే. రోజుకో సైకిల్ నడిపేవాడికి 500 అంటే ఏడాదిన్నరకి కొంచెం తక్కువ. ఏడాదిన్నరకోసారి మార్చాల్సిన వస్తువుని గమ్ము పెట్టి అతికిస్తే ఏమనుకోవాలి?

అల్లుడు: గమ్ము పెట్టింది నీ మీద పగతో కాదు మామయ్యా. ఫోను పల్చగా ఉండాలి, నీళ్ళలో పడినా బతకాలి. వెనక మూత ఊడొచ్చే ఫోను వానలో తడిస్తే ఏమయ్యేదో నీకు తెలుసు. ఇప్పుడు ఐపీ68 అంటే మీటరున్నర లోతులో అరగంట ఉన్నా తట్టుకునే ఫోన్లున్నాయి. అమ్మ లాంటివాళ్ళకి అది చిన్న విషయం కాదు.

మామ: 2014లో శాంసంగ్ గెలాక్సీ ఎస్5 వచ్చింది, గుర్తుందా? నువ్వప్పటికి బళ్ళో ఉన్నావు. వెనక మూత గోటితో ఊడొచ్చేది. బ్యాటరీ చేత్తో తీసి చేత్తో పెట్టేవాళ్ళం. ఆ ఫోనుకి ఐపీ67 ఉంది. మీటరు లోతు నీళ్ళలో అరగంట. మూత అంచున రబ్బరు చుట్టు, అంతే.

అల్లుడు: ఛార్జింగ్ పిన్ మీద ఒక చిన్న తలుపు కూడా ఉండేది. అది సరిగా మూయకపోతే నీళ్ళు లోపలికి పోయేవి. మూత సరిగా నొక్కకపోయినా అంతే. మనుషులు మర్చిపోతారనే కంపెనీలు ఆ పని తమ చేతుల్లోకి తీసుకున్నాయి.

మామ: మర్చిపోయేవాళ్ళ కోసం అని చెప్పి అందరి చేతులూ కట్టేశారు. అదే శాంసంగ్ ఎక్స్‌కవర్ అని ఒక వరస అమ్ముతోంది. గోడౌన్లలో, సైట్ల మీద పనిచేసేవాళ్ళ కోసం. 2022లో వచ్చిన ఎక్స్‌కవర్6 ప్రోకి ఐపీ68 ఉంది, బ్యాటరీ కూడా చేత్తో మార్చుకోవచ్చు. టోకున కొనే కంపెనీ అడిగితే ఇస్తున్నారు. విడిగా కొనే అక్కయ్య అడిగితే కుదరదంటున్నారు.

ఇక్కడ నేను మామ పక్షమే. పల్చదనం కొనేవాళ్ళు కోరిందేనని కంపెనీలు అంటాయి. కానీ పల్చటి ఫోనా, మార్చుకోగల బ్యాటరీయా అని పక్కపక్కన పెట్టి ఏ షోరూములోనూ ఎవరినీ అడగలేదు. ఒకటి మాత్రమే బల్ల మీద పెట్టినప్పుడు తీసుకున్నదాన్ని ఎంపిక అనలేం.

అల్లుడు: సరే, బ్యాటరీ విషయంలో నీది పైచెయ్యి అనుకో. కానీ కొత్త ఫోనంటే ఒట్టి హంగేనని నువ్వు తేల్చేస్తావు. అది తప్పు. చీకట్లో ఫోటో సంగతే చూడు. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో నైట్ సైట్ వచ్చింది. ఒక్క నొక్కుకి వరసగా చాలా ఫోటోలు తీసి, చెయ్యి వణికిన తేడాలు సరిచేసి, అన్నీ కలిపి ఒక్క బొమ్మగా ఇస్తుంది. ఆ పనితనం ఇప్పుడు మామూలు ఫోన్లలోకీ దిగింది. గుళ్ళో దీపాల వెలుగులో అమ్మ ఫోనుకి రాని ఫోటోలు వాటికి వస్తాయి.

మామ: అది ఒప్పుకుంటాను. కానీ మీ పోస్టర్ల మీద రాసేది అది కాదుగా! 200 మెగాపిక్సెల్ అని రాస్తారు. గెలాక్సీ ఎస్23 అల్ట్రాలో 200 మెగాపిక్సెల్ సెన్సరుంది. మామూలుగా ఫోటో తీస్తే వచ్చేది 12.5 మెగాపిక్సెళ్ళ బొమ్మ. పదహారు చుక్కల్ని కలిపి ఒక చుక్క చేస్తుంది, వెలుగు ఎక్కువ పట్టడానికి. మంచి పద్ధతే. ఆ సంగతి కొనేవాళ్ళకి చెప్పేదెవరు? ఇక చవక ఫోన్ల వెనక ఉండే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా ఉందే, అది కళ్ళు లెక్కపెట్టుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదు.

అల్లుడు: మాక్రో కెమెరాని నేనూ సమర్థించను. ఇంకోటి విను. అమ్మ చదివింది ఐదో తరగతి. ఇప్పుడు వాట్సాప్‌లో మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడుతున్నాయి. పిన్నికి తనే రాస్తోంది. చూపు లేనివాళ్ళకి తెర మీదది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉంది. ఇవి హంగులా? వీటిలో కొన్ని ఇప్పుడు నెట్టుతో పనిలేకుండా ఫోనులోనే నడుస్తున్నాయి. అలా నడవాలంటే మంచి చిప్పు, ఎక్కువ మెమరీ కావాలి. యాపిల్ తన ఏఐ సదుపాయాల్ని ఐఫోన్ 15 ప్రో నుంచే ఇచ్చింది, అంతకంటే పాతవాటికి ఇవ్వలేదు.

మామ: మైకు నొక్కి మాట్లాడటం ఈ పాత ఫోనులోనూ వస్తోంది కదరా. అక్కయ్య రాస్తున్నది దీంతోనేగా?

అల్లుడు: వస్తోంది. ఎన్నాళ్ళొస్తుందో చెప్పు. ఆ ఫోను ఇటివ్వు, సెట్టింగ్స్ తెరువు. అబౌట్ ఫోన్, ఆండ్రాయిడ్ వెర్షన్. సెక్యూరిటీ అప్‌డేట్ అని ఉందే, దాని పక్కన తేదీ చదువు.

మామ: రెండేళ్ళు దాటింది.

అల్లుడు: అదీ సంగతి. నువ్వు బ్యాటరీ వెయ్యగలవు, డిస్‌ప్లే వెయ్యగలవు, బోర్డు మీద ఐసి కూడా మార్చగలవు. ఈ తేదీని మార్చగలవా?

మామ మాట్లాడలేదు. ఈ తగువులో అసలు ముడి ఇదే కాబట్టి దీని గురించి నాలుగు మాటలు. 2015 జులైలో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఆండ్రాయిడ్‌లో వీడియోల్ని చదివే భాగంలో ఉన్న తప్పు అది. ఒక్క ఎమ్మెమ్మెస్ పంపి, అవతలివాళ్ళు తెరవకపోయినా, ఫోనులోకి దూరే వీలుండేది. ఆ తర్వాతే గూగుల్ నెలనెలా భద్రతా సవరణలు ఇవ్వడం, వాటి జాబితాని అందరికీ ప్రకటించడం మొదలుపెట్టింది. ఆ ప్రకటన సవరణ అందిన ఫోనుకి రక్ష. అందని ఫోనుకి మాత్రం ఎక్కడెక్కడ దారులున్నాయో దొంగకి రాసిచ్చిన పట్టీ. నెల గడిచేకొద్దీ ఆ పట్టీ పెరుగుతుంది.

మామ: ఉండరా. భయపెట్టడం తేలికే. మన ఊళ్ళో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళని నేనూ చూస్తున్నాను, ఫోను పట్టుకుని ముందు నా కొట్టుకే వస్తారు. వాళ్ళెవరూ స్టేజ్‌ఫ్రైట్ వల్ల పోగొట్టుకోలేదు. ఫోన్ చేసి పోలీసునన్నాడు, డిజిటల్ అరెస్టన్నాడు, ఓటీపీ అడిగాడు, వీళ్ళు చెప్పారు. పెళ్ళి శుభలేఖ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వచ్చింది, వీళ్ళు నొక్కి ఇన్‌స్టాల్ చేశారు. నీ లక్ష రూపాయల ఫోనులో అయినా ఓటీపీ చెప్తే డబ్బు పోవాల్సిందే.

అల్లుడు: ఓటీపీ చెప్తే ఏ ఫోనూ కాపాడలేదు, ఒప్పుకుంటాను. ఆ శుభలేఖ సంగతే తీసుకుందాం. అలాంటి యాప్ లోపలికొచ్చాక చేసే మొదటి పని యాక్సెసిబిలిటీ అనుమతి అడగడం. అది దొరికితే తెర మీద ఉన్నదంతా చదువుతుంది, నీ బదులు తనే బటన్లు నొక్కుతుంది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచీ, బయట నుంచి తెచ్చిపెట్టిన ఇలాంటి యాప్‌లకి ఆ అనుమతి నేరుగా దొరక్కుండా అడ్డం పెట్టారు. దాన్నీ దాటే దొంగలున్నారు. అయినా ఒక అడ్డం ఉంది. అమ్మ ఫోను ఆండ్రాయిడ్ 11 దగ్గరే ఆగిపోయింది. ఆవిడ ఫోన్‌పే, పింఛను పడే బ్యాంకు యాప్ అన్నీ గొళ్ళెం లేని తలుపు వెనక ఉన్నట్టే.

మామ: ఈ 13 సంగతి నాకు తెలీదు.

అల్లుడు: ఇక వాట్సాప్. 2025 మొదట్లో ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్ ఫోన్లకి ఆపేసింది. అదే ఏడాది మధ్యలో ఐఓఎస్ 15.1 కంటే పాతవాటికీ ఆపేసింది. అవి బాగా పాత ఫోన్లే అనుకో. కానీ తీరు ఇదే. బోర్డు బాగున్నా, డిస్‌ప్లే బాగున్నా, నువ్వు వేసిన బ్యాటరీ కొత్తదైనా, ఒకరోజు ఫోనులో పనికొచ్చేవి ఒక్కొక్కటీ వెళ్ళిపోతాయి.

మామ: వెళ్ళిపోతాయా, తీసేస్తారా? ఇప్పుడు నువ్వు నా వాదమే చెప్పావురా. ఈ ఫోనుని చంపింది బ్యాటరీ కాదు, చేసిన కంపెనీ. రెండేళ్ళ క్రితం సవరణలు పంపడం మానేసింది. ఆ రోజు అక్కయ్యకి ఒక్క కబురు వచ్చిందా? ఇకమీదట ఈ ఫోనులో బ్యాంకు పనులు చేసుకోవద్దని తెర మీద ఒక్క ముక్క పడిందా? కొన్నప్పుడు పెట్టె మీద ఆ తేదీ ఉందా? పాల ప్యాకెట్టు మీద కూడా ఎప్పటిదాకా వాడొచ్చో రాస్తారు.

అల్లుడు: పెట్టె మీద ఉండదు.

మామ: ఎందుకుండదు? కుదరక కాదుగా! 2023 అక్టోబరులో పిక్సెల్ 8కి ఏడేళ్ళు ఇస్తామని గూగుల్ చెప్పింది. మూడు నెలలకి గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ కూడా ఏడేళ్ళే అంది. నిన్నటిదాకా ఐదేళ్ళ దగ్గర ఆగినవాళ్ళు, పోటీ రాగానే ఏడుకి పోయారు.

అల్లుడు: ఆ ధరకి ఇవ్వగలరు. పదిపన్నెండు వేల ఫోను మీద మిగిలేది చాలా తక్కువ. కొత్త ఆండ్రాయిడ్ వచ్చినప్పుడల్లా ఫోను కంపెనీ ఒక్కటే పనిచేస్తే చాలదు, లోపలున్న చిప్పు చేసిన కంపెనీ కూడా తన వంతు సాఫ్ట్‌వేర్ సవరించి ఇవ్వాలి. క్వాల్‌కామ్ గానీ మీడియాటెక్ గానీ ఆ చిప్పుని వదిలేస్తే ఫోను కంపెనీకి చేతులు విరిగినట్టే. నెదర్లాండ్స్‌లో ఫెయిర్‌ఫోన్ అని చిన్న కంపెనీ ఉంది. 2023లో ఫెయిర్‌ఫోన్ 5 తెచ్చింది. మామూలు ఫోన్ల చిప్పు కాకుండా ఫ్యాక్టరీ యంత్రాల్లో వాడే క్వాల్‌కామ్ చిప్పు పెట్టుకుంది. ఎందుకంటే దానికి ఎక్కువ ఏళ్ళు సవరణలొస్తాయి. అలా 2031 దాకా భద్రతా సవరణలిస్తామని మాటిచ్చింది. బ్యాటరీ చేత్తో ఊడొస్తుంది, మిగతావి ఒక్క స్క్రూడ్రైవరుతో మార్చుకోవచ్చు. నీకు నచ్చే ఫోను. కానీ అదే ధరలో దొరికే మిగతా ఫోన్లతో పోలిస్తే వేగం తక్కువ. అమ్మేది ముఖ్యంగా యూరప్‌లో.

మామ: చూశావా, చిన్న కంపెనీ ముడి ఎక్కడుందో వెతికి విప్పింది. పెద్దవాళ్ళకి వెతకాల్సిన అవసరం పడలేదు. అవసరం ఎందుకు పడలేదో కూడా చెప్తాను. 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది, బ్యాటరీ అరిగిన ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా వాటి వేగం తగ్గించామని. ఆగిపోకుండా అన్నది నిజమే, అరిగిన బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేదు. కానీ వాడేవాళ్ళకి చెప్పకుండా చేశారు. ఫోను ముసలిదైపోయిందనుకుని జనం కొత్తది కొన్నారు. గొడవయ్యాక అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధర 79 డాలర్ల నుంచి 29కి దించారు. ఏడాది తిరిగాక, 2019 జనవరిలో, టిమ్ కుక్ మదుపుదారులకి ఉత్తరం రాశాడు. ఐఫోన్ల అమ్మకం అనుకున్నంత లేకపోవడానికి చెప్పిన కారణాల్లో చవకైన బ్యాటరీ మార్పిడి ఒకటి. బ్యాటరీ మారిస్తే ఫోను బతుకుతుందని నేను చెప్తే నువ్వు వినవు. యాపిల్ సీఈఓ చెప్పాడు, విను.

అల్లుడు నవ్వి ఊరుకుంటాడనుకున్నాను, ఊరుకోలేదు. రిపేరు కొట్ల మీద కొనేవాళ్ళకున్న అనుమానాల్ని అతను బయట పెట్టడం న్యాయమే.

అల్లుడు: నీ వైపు సంగతి కూడా మాట్లాడదాం. జనం రిపేరుకి ఎందుకు భయపడతారు? ఒరిజినల్ అని చెప్పి ఫస్ట్ కాపీ డిస్‌ప్లే వేస్తారు. ఎండలో కనపడదు, వేలు నొక్కిన చోట పట్టదు. బ్యాటరీ మీద 5,000 ఎంఏహెచ్ అని అచ్చేస్తారు, లోపల అంత ఉందో లేదో ఎవరికీ తెలీదు. ఏళ్ళ తరబడి గోడౌన్లో పడున్న బ్యాటరీకి కొత్త స్టిక్కరు అంటిస్తారు. హీట్ గన్‌తో గమ్ము ఊడదీస్తూ పాత బ్యాటరీని వంచితే పొగలొచ్చిన కొట్లు నేనూ చూశాను. 2016లో గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు అంటుకుంటే శాంసంగ్ అంతటిది ఆ ఫోన్లన్నీ వెనక్కి తీసుకుని తయారీయే ఆపేసింది. వీధి చివర వేసిన బ్యాటరీ అంటుకుంటే ఎవరు వెనక్కి తీసుకుంటారు?

మామ: నా కొట్లో అలా జరగదు.

అల్లుడు: నీ కొట్లో జరగదు. అది నాకు తెలుసు, నీ దగ్గరికొచ్చే కొత్తవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

మామ: మంచి సామాను మాకు అమ్మితేగా! కంపెనీ తన బ్యాటరీ తన సర్వీస్ సెంటర్‌కే ఇస్తుంది. మోడల్ పాతబడితే అక్కడా స్టాకు లేదంటారు. మాకు దొరికేది హోల్‌సేల్లో వచ్చింది. అందులో మంచిది ఏరుకోవడమే మా విద్య. పైగా ఇప్పుడు సామానుకి, బోర్డుకి జత కట్టేస్తున్నారు. ఒక ఐఫోన్లోంచి ఒరిజినల్ డిస్‌ప్లే తీసి అలాంటిదే ఇంకో ఐఫోనుకి వేశావనుకో, సీరియల్ నంబరు కలవలేదని తెర మీద హెచ్చరిక పడేది, చుట్టూ ఉన్న వెలుగుకి తగ్గట్టు తెర రంగు సర్దే ట్రూ టోన్ పోయేది. రెండూ యాపిల్ చేసినవే! నా చేతిలో ఉన్నది దొంగ సరుకన్నట్టు నా కస్టమరుకి ఫోనే చెప్తుంటే నేనేం సమాధానం చెప్పను?

అల్లుడు: దానికీ కారణం ఉంది. దొంగిలించిన ఫోను లాక్ తెరుచుకోదు కాబట్టి విప్పి ముక్కలుగా అమ్ముతారు. జత కట్టేస్తే ముక్కలకీ విలువుండదు.

మామ: దొంగ ఫోను నుంచి వచ్చిన ముక్కనే ఆపండి, ఎవరొద్దన్నారు? సొంతదారు పాస్‌వర్డు పెట్టి విడుదల చేసిన ఫోను ముక్కని ఎందుకు ఆపాలి? అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2024లో చట్టం చేసింది, ఇలా జత కట్టి రిపేరుని అడ్డుకోవడం కుదరదని. అక్కడి చట్టసభకి అర్థమైంది కదా.

అల్లుడు: ఒకటి చెప్పు. అందరూ నీ మాట విని ఏడేళ్ళు అదే ఫోను వాడితే, శ్రీసిటీ ఏమవుతుంది? 2015 ఆగస్టులో షావోమీ మన దేశంలో చేసిన మొదటి ఫోను రెడ్‌మీ 2 ప్రైమ్‌ని విశాఖపట్నంలో విడుదల చేశారు. చేసింది శ్రీసిటీలో ఫాక్స్‌కాన్. అప్పట్నుంచీ చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు ఎంతమంది బస్సుల్లో ఆ లైన్ల మీదికి వెళ్తున్నారు! ఫోను అమ్ముడవుతుంటేనే వాళ్ళ జీతం, నా జీతం.

మామ: ఆ పిల్లల జీతాన్ని నేను తక్కువ చెయ్యను. ఏడేళ్ళ పాటు స్పేర్ బ్యాటరీలు, స్పేర్ డిస్‌ప్లేలు చెయ్యాలంటే అవీ ఏదో లైను మీదే చెయ్యాలి కదా? ఊరూరా రిపేరు కొట్టు ఉంది. ఐటీఐ చదివి ఉద్యోగం రాని కుర్రాళ్ళు ఎంతమంది ఈ పని మీద బతుకుతున్నారో నీకు తెలుసు. ఇంకోటి, ఫోను జీవితకాలంలో గాలిలో కలిసే కర్బనంలో పెద్ద భాగం దాన్ని తయారు చేసేటప్పుడే వస్తుంది, ఛార్జి పెట్టేటప్పుడు కాదు. బ్యాటరీలోకి వెళ్ళే కోబాల్టులో అధిక భాగం కాంగో గనుల్లోది. పిల్లలు కూడా దిగి తవ్విన గనులున్నాయక్కడ. ఒకసారి అంత ఖర్చయ్యాక దాన్ని ఎక్కువ ఏళ్ళు వాడటమే మర్యాద.

ఈ-వ్యర్థాల నియమాల గురించి కూడా ఇద్దరూ కాసేపు మాట్లాడారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నియమాలు పాత ఫోన్లని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారు మీదే పెట్టాయి. కానీ నా మనసు పోయింది వాళ్ళు తర్వాత మాట్లాడిన దాని మీద.

మామ: సరే, సవరణల దగ్గర నువ్వు గెలిచావు. ఈ ఫోనులో అక్కయ్య బ్యాంకు పనులు చెయ్యకూడదు. కొత్తది కొనాల్సిందే. ఏది ఇస్తావు?

అల్లుడు: మా దగ్గర ఇప్పుడు ఒకటి ఆఫర్లో ఉంది. బ్యాటరీ 7,000 ఎంఏహెచ్, సిలికాన్ కార్బన్ రకం. నో కాస్ట్ ఈఎంఐ.

మామ: సిలికాన్ ఛార్జి ఎక్కినప్పుడు బాగా ఉబ్బుతుంది, అందుకే ఇన్నాళ్ళూ గ్రాఫైట్‌తో సరిపెట్టారు. ఇప్పుడు కార్బన్‌తో కలిపి అదుపు చేశామంటున్నారు. ఐదేళ్ళు మన ఎండల్లో వాడిన ఫోను నా బల్ల మీదికి వచ్చాక దాని సంగతి చెప్తాను. నో కాస్ట్ అన్న మాట కూడా వద్దు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది. వడ్డీ ఎక్కడో కలిపే ఉంటుంది. క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు అదనం. అసలు సంగతి చెప్పు. ఆ ఫోనుకి సవరణలు ఎప్పటిదాకా?

అల్లుడు: నాలుగేళ్ళు.

మామ: ఎప్పట్నుంచి నాలుగేళ్ళు?

అల్లుడు: ఆ మోడల్ విడుదలైన రోజు నుంచి.

మామ: విడుదలై ఎన్నాళ్ళయింది?

అల్లుడు: ఏడాదిన్నర. అందుకే ఆఫరు.

మామ: అంటే అక్కయ్యకి మిగిలేది రెండున్నరేళ్ళు. ధరతో పాటు ఆయుష్షూ తగ్గించి అమ్ముతూ, దాన్ని ఆఫరంటున్నారు. ఆ మోడల్ మీద నీకు ఇన్సెంటివ్ ఉందా?

అల్లుడు: ఉంది. ఈ నెల టార్గెట్ అదే.

మామ: మీ అమ్మకి అదే ఇస్తావా?

అల్లుడు: ఇవ్వను. అమ్మకైతే ఈ ఏడాదే వచ్చిన మోడల్, ఆరేళ్ళు సవరణలిచ్చేది తీసుకుంటాను. ఇంకో రెండుమూడు వేలు ఎక్కువైనా సరే. కెమెరా కాస్త తక్కువైనా సరే.

మామ: మరి కౌంటరు దగ్గరికి వచ్చే మిగతా అమ్మలకి?

ఇక్కడ అల్లుడిని నిలబెట్టి అడగాలని రాసింది కాదు ఈ ప్రశ్న. అతను జీతగాడు. అడగాల్సింది ఫోను చేసేవాళ్ళని, నియమాలు రాసేవాళ్ళని. కొన్నిచోట్ల అడిగారు కూడా. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి దుకాణంలో ఫోను ధర పక్కనే, అది ఎంత తేలిగ్గా బాగుపడుతుందో పదికి ఇన్ని మార్కులని వేసి పెట్టాలని నియమం తెచ్చారు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మకానికొచ్చే ఫోన్లకి ముఖ్యమైన విడిభాగాలు, ఆ మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా ఏడేళ్ళు దొరకాలి. సవరణల ఐదేళ్ళ గడువు అక్కడ మోడల్ విడుదలైన రోజు నుంచి మొదలవదు, ఆఖరి ఫోను అమ్మిన రోజు నుంచి మొదలవుతుంది. అల్లుడు చెప్పిన ఆఫరు అక్కడ చెల్లదు. బ్యాటరీ 800 సైకిళ్ళ తర్వాత కూడా 80 శాతం నిలవాలి. ఎన్ని సైకిళ్ళు, కింద పడితే ఎంత తట్టుకుంటుంది, రిపేరుకి ఏ తరగతి అన్నవన్నీ ఫోనుతో పాటు చీటీ మీద కనపడాలి. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. మొబైళ్ళు, ఎలక్ట్రానిక్ వస్తువులకి రిపేరు సూచీ ఎలా ఉండాలో చెప్పే కమిటీ 2025 మేలో ఆ శాఖకి నివేదిక ఇచ్చింది. యూరప్‌లో అమ్మే ఫోన్లు, మన దగ్గర అమ్మే ఫోన్లు చాలావరకు ఒకే కంపెనీలవి. అక్కడ చీటీ మీద రాయగలిగింది ఇక్కడ రాయలేకపోవడానికి నాకే కారణమూ కనపడటం లేదు.

మామ: ధర చీటీ రాసేది మీ షోరూములోనేగా?

అల్లుడు: ధర, ర్యామ్, స్టోరేజి, కెమెరా. ప్రింటు మేమే తీస్తాం.

మామ: దాని కింద ఇంకో వరస రాయి. భద్రతా సవరణలు ఫలానా నెల, ఫలానా సంవత్సరం దాకా. ఇన్నేళ్ళు అని కాదు, తేదీ.

అల్లుడు: మేనేజరు ఒప్పుకోవాలి. ఆ వరస చూస్తే ఆఫర్లో ఉన్నవి సగం కదలవు.

మామ: కదలకపోతే కంపెనీకి తెలుస్తుంది.

అల్లుడు: అడుగుతాను. నా కౌంటరు వరకైనా రాస్తాను. కానీ మామయ్యా, నువ్వూ ఒక పని చెయ్యి. నువ్వు వేసే ప్రతి బ్యాటరీకి బిల్లు రాసి ఇవ్వు. ఏ కంపెనీది, ఎప్పుడు తయారైంది, ఒరిజినలా కాపీనా, ఎన్ని నెలల గ్యారంటీ. కాపీ అయితే కాపీ అనే రాయి.

మామ: కాపీ అని రాస్తే పక్క కొట్టుకి పోతారు.

అల్లుడు: నేను తేదీ రాస్తే పక్క షోరూముకి పోరా?

మామ: ... రేపు బిల్లు పుస్తకం అచ్చు వేయించుకొస్తాను. అక్కయ్య కొత్త ఫోను తెచ్చాక ఈ పాతదాంట్లోంచి బ్యాంకు యాప్‌లు, సిమ్ము తీసేసి ఇటివ్వు. బ్యాటరీ వేస్తాను. పాటలు వినడానికి, వంటల వీడియోలు చూడటానికి ఇంకా బాగానే నడుస్తుంది. మొదటి బిల్లు దీనికే రాస్తాను.